వీఎంలో డీస్పేస్: లాగిన్ ఎందుకు కావడం లేదు, ముందు ఏం తేల్చుకోవాలి

మేడమ్, మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుని మొదలుపెడతాను. విశాఖలో ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీ మీది. పాత ప్రాజెక్ట్ రిపోర్టులు, ప్రశ్నపత్రాలు, కాలేజీ మ్యాగజైన్లు, ఫ్యాకల్టీ పేపర్లు అన్నీ ఒకచోట పెట్టి వెతుక్కునేలా చేయమని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ టీం వచ్చేలోగా కావాలన్నారు. విడిగా సర్వర్ కొనే ఉద్దేశం లేదు. అందుకని లైబ్రరీలో ఉన్న 16 జీబీ ర్యామ్ విండోస్ కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టి (విండోస్ లోపలే వీఎం, అంటే వర్చువల్ మెషీన్ అనే ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాం ఇది), అందులో ఉబుంటు లినక్స్ వేసి, వీడియో చూస్తూ డీస్పేస్ 7 అనే డిజిటల్ రిపాజిటరీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేశారు. ఆ కంప్యూటర్‌లో అంతా బాగుంది. రీడింగ్ హాల్ కంప్యూటర్ల నుంచి తెరిస్తే పేజీ ఒక్క క్షణం కనిపించి, తర్వాత చక్రం తిరుగుతూనే ఉండిపోయింది. ఎవరో చెప్తే లోకల్‌హోస్ట్ (అంటే 'ఈ కంప్యూటరే') అన్న చోటల్లా ఐపీ (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ నంబరు) పెట్టారు. ఇప్పుడు పేజీ వస్తోంది, లాగిన్ మాత్రం కావడం లేదు. మొత్తం తీసేసి మళ్లీ మొదటినుంచి వేయాలా అని అడిగారు.

తీసేయక్కర్లేదు. మీ ఇన్‌స్టలేషన్‌లో తప్పేమీ లేదు, అడ్రస్ తేల్చుకోకుండా ఇన్‌స్టాల్ చేయడం వల్ల వచ్చిన తంటా ఇది. డీస్పేస్‌తో కుస్తీ పడే లైబ్రేరియన్లలో చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే ఆ వీడియోలన్నీ లోకల్‌హోస్ట్‌లో హోమ్ పేజీ కనిపించగానే చప్పట్లు కొట్టి ముగిసిపోతాయి.

లోపల ఏం జరుగుతోందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. డీస్పేస్‌ను 2002లో ఎంఐటీ, హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి విడుదల చేశాయి. అప్పటినుంచి ఆరో వెర్షన్ దాకా జావా ప్రోగ్రాములను నడిపే టామ్‌క్యాట్ సర్వరే పేజీ తయారుచేసి బ్రౌజర్‌కు పంపేది. 2021లో వచ్చిన ఏడో వెర్షన్‌తో ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు రెండు వేరువేరు ప్రోగ్రాములు ఉంటాయి. టామ్‌క్యాట్ మీద నడిచే బ్యాకెండ్ (డేటా చూసుకునే భాగం) ఒకటి, మామూలుగా 8080 పోర్టులో (పోర్టు అంటే ఒకే కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాం కావాలో చెప్పే నంబరు). నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపేది) మీద నడిచే యూఐ (తెర మీద కనిపించే భాగం) ఇంకొకటి, 4000 పోర్టులో. యూఐ మొదటి పేజీని తన దగ్గరే సిద్ధం చేసి పంపుతుంది. ఆ తర్వాత మాత్రం రీడింగ్ హాల్లో కూర్చున్న విద్యార్థి బ్రౌజరే నేరుగా బ్యాకెండ్‌ను వెతుక్కుంటూ వెళ్తుంది. బ్యాకెండ్ అడ్రస్ లోకల్‌హోస్ట్ అని రాసి ఉంటే ఆ బ్రౌజర్ తను ఉన్న కంప్యూటర్‌లోనే వెతుకుతుంది. అక్కడ ఏమీ ఉండదు. పేజీ ఒక్క క్షణం మెరిసి చక్రం తిరిగింది ఇందుకే.

ఐపీ పెట్టాక లాగిన్ ఎందుకు కాలేదంటే, దానికి కారణం వేరు. లాగిన్ సమయంలో బ్యాకెండ్ పంపే కుకీని (బ్రౌజర్ దాచుకునే చిన్న గుర్తింపు చీటీ) 'సెక్యూర్' అని గుర్తు పెట్టి పంపుతుంది. అలాంటి కుకీని బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్ (గుప్తంగా సాగే కనెక్షన్) ఉంటేనే దాచుకుంటుంది. లోకల్‌హోస్ట్‌కు ఒక్కదానికే మినహాయింపు. మీరు ఉత్త హెచ్‌టీటీపీతో ఐపీ కొట్టి వెళ్తున్నారు కాబట్టి బ్రౌజర్ ఆ కుకీని పారేస్తుంది, బ్యాకెండ్ 403 (అనుమతి లేదు) అని తిప్పికొడుతుంది. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి లాగిన్ నొక్కండి, సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (దొంగ రిక్వెస్టులను ఆపే రహస్య గుర్తు) చెల్లదన్న సందేశం కనిపిస్తుంది. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఇది పోదు.

కాబట్టి మీరు చేయాల్సిన పని రెండు దశలుగా విడగొట్టుకోండి. మొదటి దశ సాధన. ఒకే కంప్యూటర్‌లో, లోకల్‌హోస్ట్‌తో. వర్చువల్‌బాక్స్ నెట్‌వర్క్‌ను న్యాట్‌లోనే (వీఎం విండోస్ వెనకాల ఉండే పద్ధతి) ఉంచి, పోర్ట్ ఫార్వర్డింగ్‌లో 4000ని 4000కి, 8080ని 8080కి కలపండి. పోర్టు నంబర్లు రెండువైపులా ఒకేలా ఉండాలి. 'బయట 9090, లోపల 8080' లాంటి తెలివితేటలు వద్దు. ఎందుకంటే ఒకే అడ్రస్ ఇటు విండోస్ బ్రౌజర్‌కూ పనిచేయాలి, అటు వీఎం లోపలున్న యూఐకీ పనిచేయాలి. ఈ దశలో కమ్యూనిటీలు (విభాగాలు), కలెక్షన్లు (వాటిలోని సేకరణలు) ఎలా పెట్టాలి, ఎవరికి ఏ హక్కులివ్వాలి, సబ్మిషన్ ఫారంలో ఏ గడులు ఉండాలి అన్నవి తేల్చుకోండి. హెచ్‌టీటీపీఎస్ గొడవే ఉండదు.

రెండో దశలో కాలేజీ మొత్తానికి ఇవ్వడం. ఇక్కడ ముందు కావాల్సింది ఒక పేరు. కాలేజీ వెబ్‌సైట్‌కు ఎలాగూ డొమైన్ ఉంటుంది, దాని ముందు 'రిపాజిటరీ' అనో 'లైబ్రరీ' అనో చేర్చి ఒక సబ్‌డొమైన్ అడగండి. ఐపీతో నెట్టుకొద్దాం అనుకోకండి. రేపు నెట్‌వర్క్ వాళ్లు స్విచ్ మార్చితే ఐపీ మారిపోతుంది, అప్పటికి మీరు పంచిన లింకులన్నీ చచ్చిపోతాయి. పేరు ఉంటే వెనకాల ఏం మారినా బయటివాళ్లకు తెలియదు.

ఈ దశలో నెట్‌వర్క్‌ను న్యాట్ నుంచి బ్రిడ్జ్‌డ్‌కు మార్చండి. అప్పుడు వీఎం కాలేజీ నెట్‌వర్క్‌లో విడిగా ఇంకో కంప్యూటర్‌లా కనిపిస్తుంది. వైఫై మీద బ్రిడ్జ్‌డ్ సతాయిస్తుంది, కేబుల్ వాడండి. చాలా కాలేజీల్లో నెట్‌వర్క్‌ను మ్యాక్ అడ్రస్‌కు (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) కట్టేసి ఉంచుతారు, అందుకని వీఎం మ్యాక్ అడ్రస్ (వర్చువల్‌బాక్స్ నెట్‌వర్క్ సెట్టింగులలో ఉంటుంది) రాసి మీ సిస్టమ్స్ అడ్మిన్‌కిచ్చి, దానికో స్థిరమైన ఐపీ కేటాయించమనండి. ఇది నోటిమాటగా కాక మెయిల్‌లో అడగడం మంచిది. తర్వాత ఎవరైనా అదే ఐపీని ప్రింటర్‌కు ఇచ్చేస్తే చూపించడానికి ఉంటుంది.

వీఎంలో ముందు వరసలో ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టండి. బయటికి 443 (హెచ్‌టీటీపీఎస్ పోర్టు) ఒక్కటే తెరిచి, 'స్లాష్ సర్వర్' అనే దారిలో వచ్చినవన్నీ 8080కి, మిగతావన్నీ 4000కి పంపమని చెప్పాలి. ఇలా చేస్తే యూఐ, బ్యాకెండ్ రెండూ ఒకే పేరు మీద ఉంటాయి, వేరువేరు అడ్రస్‌ల మధ్య బ్రౌజర్ పెట్టే సీఓఆర్ఎస్ పేచీ కూడా రాదు. సెర్చ్ ఇంజన్ సోలర్ వాడే 8983 పోర్టును, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ వాడే 5432ను బయటికి తెరవొద్దు. బ్రిడ్జ్‌డ్‌కు మారగానే అవి హాస్టల్ ల్యాప్‌టాప్‌లకు కూడా అందుబాటులోకి వచ్చే ప్రమాదం ఉంది. ఫైర్‌వాల్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి), 443 తప్ప అన్నీ మూసేయండి.

హెచ్‌టీటీపీఎస్‌కు కావాల్సిన సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ ఉచితంగా ఇస్తుంది. సర్వర్ ఇంటర్నెట్‌కు కనపడకపోయినా ఫర్వాలేదు, డీఎన్ఎస్‌లో (డొమైన్ పేర్ల పట్టికలో) ఒక టీఎక్స్‌టీ రికార్డు పెట్టి డొమైన్ మీదేనని నిరూపించుకోవచ్చు. గడువు 90 రోజులే కాబట్టి డొమైన్ చూసుకునేవాళ్లతో ముందే మాట్లాడి ఆటోమేటిక్‌గా రెన్యూ అయ్యేలా చేయించుకోవాలి. సొంతంగా తయారుచేసుకున్న సర్టిఫికెట్ పెడదామని కొందరంటారు. దాన్ని ప్రతి కంప్యూటర్‌లో విడిగా ఎక్కించాలి. పైగా వీఎం లోపలి నోడ్ కూడా దాన్ని నమ్మదు, నమ్మమని దానికి విడిగా చెప్పాలి. బ్రౌజర్‌లో 'పర్లేదు, ముందుకెళ్లు' అని నొక్కినంత మాత్రాన యూఐ పనిచేయదు. ఆ దారి నేనైతే సిఫార్సు చేయను.

పేరు, సర్టిఫికెట్ సిద్ధమయ్యాక మార్చాల్సినవి రెండే ఫైళ్లు. బ్యాకెండ్‌లో లోకల్ డాట్ సీఎఫ్‌జీ, అందులో సర్వర్ యూఆర్ఎల్, యూఐ యూఆర్ఎల్ అనే రెండు లైన్లు. యూఐ వైపు కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ప్రొడక్షన్ వైఎంఎల్ ఫైలు, అందులో రెస్ట్ అనే భాగం: ఎస్‌ఎస్‌ఎల్ ట్రూ, హోస్ట్ మీ పేరు, పోర్ట్ 443, నేమ్‌స్పేస్ స్లాష్ సర్వర్. రెండు ఫైళ్లలోనూ అడ్రస్ అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒకచోట హెచ్‌టీటీపీఎస్ చివరి ఎస్ ఉండి ఇంకోచోట లేకపోయినా, చివర అనవసరంగా ఒక స్లాష్ మిగిలినా పనిచేయదు. రెండింటినీ రీస్టార్ట్ చేసి, రెండుచోట్ల పరీక్షించండి: రీడింగ్ హాల్ కంప్యూటర్ బ్రౌజర్‌లో అడ్రస్ చివర స్లాష్ సర్వర్ అని కొట్టి ఒకసారి, వీఎం లోపల కర్ల్ అనే కమాండ్‌తో అదే అడ్రస్‌కు ఒకసారి. చాలామంది మొదటిది చూసి రెండోది వదిలేస్తారు. వీఎం తన పేరును తానే గుర్తుపట్టకపోతే యూఐ సరిగ్గా పనిచేయదు.

ఇక మెషీన్ సంగతి. 16 జీబీలో వీఎంకు 8 ఇవ్వండి, ప్రాసెసర్ కోర్లు రెండు నుంచి నాలుగు. 4 జీబీతో కూడా నడుస్తుందని చెప్పేవాళ్లున్నారు. నడుస్తుందేమో గానీ యూఐని బిల్డ్ చేసేటప్పుడు మధ్యలో మెమరీ చాలదని నోడ్ పడిపోతుంది. కింద వర్చువల్‌బాక్స్ కిటికీ మూలలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తోందా చూడండి. అది అలంకారం కాదు, విండోస్‌లో హైపర్-వీ (విండోస్ సొంత వర్చువలైజేషన్ ఏర్పాటు) ఆన్‌లో ఉండి వీఎం దాని మీదుగా మెల్లగా నడుస్తోందని గుర్తు. విండోస్ ఫీచర్లలో దాన్ని ఆపించండి, బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. ఎంత తేడా వస్తుందో మీకే తెలుస్తుంది.

డిస్క్ దగ్గర ఒక మెలిక ఉంది. మీరు వీఎంకు 100 జీబీ ఇచ్చానన్నారు. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్‌లో అన్నిటికీ ఎంటర్ కొట్టుకుంటూ పోతే అది ఎల్‌వీఎం (డిస్క్‌ను తర్వాత పెంచుకోగల భాగాలుగా పంచే) పద్ధతిలో దాదాపు సగమే వాడుకుని మిగతా సగాన్ని ఖాళీగా పక్కన పెడుతుంది. స్కాన్ చేసిన ప్రాజెక్ట్ రిపోర్టులు ఎక్కిస్తూ పోతే ఒకరోజు డిస్క్ నిండిపోయిందంటుంది, వర్చువల్‌బాక్స్ చూస్తే సగం ఖాళీ అంటుంది. ఇప్పటికే ఇన్‌స్టాల్ అయిపోయినా భయం లేదు, లాజికల్ వాల్యూమ్‌ను (అంటే ఆ భాగాన్ని) పెంచి, దాని మీద ఫైల్‌సిస్టమ్‌ను పెంచితే చాలు, డేటా పోదు. అసలు ఫైళ్లుండే అసెట్‌స్టోర్ ఫోల్డర్‌కు రెండో వర్చువల్ డిస్క్ విడిగా ఇస్తే ఇంకా హాయి.

ఆజ్ఞలు వరసగా ఇక్కడ రాయడం లేదు, అవి వెర్షన్‌తో మారిపోతుంటాయి. మీ వెర్షన్‌కు చెందిన అధికారిక డాక్యుమెంటేషన్ పేజీ నుంచే కాపీ చేసుకోండి. జావా, మావెన్, యాంట్, పోస్ట్‌గ్రెస్, సోలర్ ఎలా వేయాలో అందులో స్పష్టంగా ఉంది. ఒక్క జతల సంగతి మాత్రం గుర్తుంచుకోండి. డీస్పేస్ 7కు టామ్‌క్యాట్ 9 కావాలి, అది ఉబుంటు 22.04లో నేరుగా దొరుకుతుంది. 8, 9 వెర్షన్లకు టామ్‌క్యాట్ 10, జావా 17 కావాలి, వాటికి ఉబుంటు 24.04 సరిపోతుంది. వీటిని కలగాపులగం చేస్తే టామ్‌క్యాట్ మామూలుగానే లేస్తుంది, డీస్పేస్ మాత్రం కనపడదు. లాగ్ చూస్తే తప్ప కారణం తెలీదు. మీరు ఇంకా సాధన దశలోనే ఉన్నారు కాబట్టి అసలు డేటా ఎక్కించేముందు కొత్త వెర్షన్‌కు వెళ్లడమే మేలు. 6వ వెర్షన్ వీడియోల జోలికి మాత్రం పోవద్దు, దానికి 2023తోనే సపోర్ట్ ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్‌ను సిద్ధంగా ప్యాక్ చేసిచ్చే డాకర్‌తో పదినిమిషాల్లో అయిపోతుందనేవాళ్లూ వస్తారు. రుచి చూడటానికి అది బాగానే ఉంటుంది, దాని మీద కాలేజీ రిపాజిటరీ నడపకండి.

ఉబుంటు ప్యాకేజీ ద్వారా వేసిన టామ్‌క్యాట్‌తో ఇంకో చిక్కు వస్తుంది, మీకు బహుశా వచ్చే ఉంటుంది. ఫోల్డర్ యజమానిని టామ్‌క్యాట్ యూజర్‌గా మార్చినా, అన్ని పర్మిషన్లూ ఇచ్చినా, లాగ్‌లో 'రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్' అని వస్తుంది. విసుగొచ్చి 777 (అందరికీ అన్ని హక్కులూ) కొట్టేస్తారు, అయినా పోదు. ఎందుకంటే అడ్డుపడేది పర్మిషన్ కాదు, ఉబుంటులో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ. టామ్‌క్యాట్ సర్వీస్ తనకు కేటాయించిన ఫోల్డర్లలో తప్ప ఇంకెక్కడా రాయకూడదని కట్టడి చేసి ఉంటుంది. ఆ సర్వీస్‌కు ఓవర్‌రైడ్ ఫైలు పెట్టి, రీడ్‌రైట్‌పాత్స్ అనే లైన్లో డీస్పేస్ ఫోల్డర్ పేరు చేర్చి, డీమన్ రీలోడ్ చేసి, టామ్‌క్యాట్‌ను మళ్లీ లేపండి. 777 కొట్టి ఉంటే దాన్ని వెనక్కి తీసుకోండి.

ఎన్‌జినెక్స్ పెట్టాక అప్‌లోడ్‌లు ఫెయిల్ అవుతాయి. దాని డిఫాల్ట్ పరిమితి 1 ఎంబీ. పరీక్ష కోసం ఎక్కించిన ఒక పేజీ పీడీఎఫ్ వెళ్లిపోతుంది, 60 ఎంబీ ప్రాజెక్ట్ రిపోర్ట్ దగ్గర 413 (ఫైలు మరీ పెద్దది) అని ఆగుతుంది. బాడీ సైజ్ పరిమితిని 500 ఎంబీ దాకా పెంచుకోండి.

అసలు డేటా ఎక్కించే ముందు హ్యాండిల్ సంగతి తేల్చాలి. డీస్పేస్ ప్రతి ఐటెంకూ హ్యాండిల్ అనే ఒక శాశ్వత సంఖ్య ఇస్తుంది. మీరేమీ మార్చకపోతే ముందుభాగం 123456789 అని వస్తుంది. అది ఉత్తుత్తి ప్రిఫిక్స్. ఫ్యాకల్టీ తమ బయోడేటాల్లో ఆ లింకులు పెట్టుకుంటే అవి ఎప్పటికీ పనిచేస్తాయన్న హామీ ఉండదు. హ్యాండిల్ సంస్థ దగ్గర రుసుము కట్టి సొంత ప్రిఫిక్స్ తీసుకోవచ్చు, కానీ దానికి సర్వర్ ఇంటర్నెట్‌కు కనిపించాలి. క్యాంపస్ లోపలికే పరిమితం అనుకుంటే ఇప్పటికి వదిలేయండి, కానీ సైటేషన్ కోసం ఆ లింకు వాడొద్దని అందరికీ చెప్పండి. పీహెచ్‌డీ థీసిస్‌లు ఎలాగూ యూనివర్సిటీ ద్వారా దేశంలోని థీసిస్‌ల భాండాగారమైన శోధగంగకు వెళ్తాయి, అది కూడా డీస్పేస్ మీదే నడుస్తోంది. వాటిని మళ్లీ ఇక్కడ ఎక్కించే శ్రమ పెట్టుకోకుండా మీ కాలేజీలో తప్ప ఇంకెక్కడా దొరకని వాటి మీద దృష్టి పెట్టండి.

అంటే ముఖ్యంగా మ్యాగజైన్లు. తెలుగు పేజీలున్న కాలేజీ మ్యాగజైన్ల దగ్గర మీకు తప్పకుండా ఇబ్బంది వస్తుంది, డీస్పేస్ తప్పేమీ లేకపోయినా. ప్రెస్ నుంచి తెచ్చిన పీడీఎఫ్ తెరిచి ఒక తెలుగు లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. తెలుగే వస్తే అదృష్టం. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి వస్తే అది అను ఫాంట్లలాంటి పాత ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేసింది. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ ఆ పద్ధతి పోలేదు. కంటికి తెలుగులా కనిపిస్తుంది గానీ లోపల తెలుగు లేదు. డీస్పేస్ ఆ పీడీఎఫ్ నుంచి టెక్స్ట్ తీసి సోలర్‌కు ఇస్తుంది, సోలర్ ఆ గజిబిజినే భద్రంగా ఇండెక్స్ చేస్తుంది. విద్యార్థి 'ఆర్కే బీచ్' అని వెతికితే దాని మీద రాసిన కవిత ఉన్నా దొరకదు. ఇలాంటి పీడీఎఫ్‌లను పేజీల బొమ్మలుగా మార్చి, తెలుగు డేటాతో టెసరాక్ట్ ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను చదివే ప్రోగ్రాం) నడిపి, దాని నుంచి వచ్చిన పీడీఎఫ్‌ను ఎక్కించండి. ఓసీఆర్‌లో తప్పులు పడతాయి, అయినా సున్నా కన్నా నయం. అంత ఓపిక లేకపోతే కనీసం విషయసూచికను యూనికోడ్‌లో టైప్ చేసి సారాంశం గడిలో పెట్టండి. ఒక డేటా ఎంట్రీ అబ్బాయికి అది పూట పని.

పేర్ల గడి దగ్గర ఇంకోటి. డీస్పేస్ ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో అడుగుతుంది. మనవాళ్ల పేరు ఒక రిపోర్టులో 'పి. సత్యనారాయణ', ఇంకోదాంట్లో 'సత్యనారాయణ పి', మూడోదాంట్లో ఇంటిపేరు పూర్తిగా రాసి ఉంటుంది. ఉన్నదున్నట్టు కొట్టేస్తే ఒకే గైడ్ గారు లిస్టులో ముగ్గురుగా కనిపిస్తారు. న్యాక్ వాళ్ల ముందు ఆయన మార్గదర్శకత్వంలో ఎన్ని ప్రాజెక్టులు జరిగాయో చూపించాలంటే ఇబ్బంది పడేది మీరే. ఫ్యాకల్టీ పేర్లు ఎలా రాయాలో ముందే ఒక ఎక్సెల్ షీట్‌లో ఖాయం చేసి ఎంట్రీ చేసేవాళ్ల టేబుల్ మీద అతికించండి. అలాగే ప్రాజెక్ట్ రిపోర్టుల వెనక పేజీల్లో విద్యార్థుల ఫోన్ నంబర్లు, ఆధార్ జిరాక్సులు ఉంటాయి. స్కాన్‌లో ఆ పేజీలు తీసేయించండి.

చివరిగా బ్యాకప్. వర్చువల్‌బాక్స్ స్నాప్‌షాట్ (ఆ క్షణానికి వీఎం ఉన్న స్థితి) తీశాం కదా అనుకుంటారు చాలామంది. స్నాప్‌షాట్ అదే హార్డ్ డిస్క్‌లో ఉంటుంది, డిస్క్ పోతే దాంతోపాటే పోతుంది. అప్‌గ్రేడ్ చేసేముందు ఒకటి తీసి, అంతా బాగుందనుకున్నాక తీసేయండి, అంతవరకే దాని ఉపయోగం. గుట్టలుగా పేర్చుకుంటూ పోతే డిస్క్ నిండిపోతుంది కూడా. అసలు బ్యాకప్ అంటే రోజూ రాత్రి మూడు తీయాలి: పోస్ట్‌గ్రెస్ డంప్, అసెట్‌స్టోర్ ఫోల్డర్, లోకల్ డాట్ సీఎఫ్‌జీతో సహా కాన్ఫిగ్ ఫైళ్లు. డేటాబేస్ ఒక్కటే ఉంటే పేర్లుంటాయి, ఫైళ్లుండవు. అసెట్‌స్టోర్ ఒక్కటే ఉంటే ఫైళ్లుంటాయి గానీ ఏది ఏ రిపోర్టో చెప్పలేరు, ఎందుకంటే లోపల వాటి పేర్లన్నీ అంకెలే. సెర్చ్ ఇండెక్స్‌ను మళ్లీ కట్టుకోవచ్చు కాబట్టి దాన్ని దాచక్కర్లేదు. ఎన్నిసార్లు చూశారు, ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేశారు అన్న లెక్కలు మాత్రం సోలర్‌లోనే ఉంటాయి, అవి పోతే తిరిగి రావు. న్యాక్‌కు వాడకం లెక్కలు చూపించాలనుకుంటే వాటినీ నెలకోసారి ఎగుమతి చేసుకోండి.

బ్యాకప్ హార్డ్ డిస్క్‌ను సర్వర్ పక్క బీరువాలోనే పెట్టకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కిటికీలు, పైకప్పులు ఎగిరిపోయి కంప్యూటర్ గదులు తడిసిన సంగతి అప్పుడు ఇక్కడున్నవాళ్లెవరూ మర్చిపోరు, కరెంటు కూడా రోజుల తరబడి లేదు. ఒక కాపీ వేరే బ్లాకులోనో, ఇంకో క్యాంపస్‌లోనో ఉండాలి. యూపీఎస్ బ్యాటరీ అయిపోయేలోగా వీఎం దానంతటదే షట్‌డౌన్ అయ్యేలా, కరెంటు రాగానే లేచేలా పెట్టించండి. కరెంటు పోయినప్పుడల్లా పోస్ట్‌గ్రెస్‌ను నడుస్తుండగా లాగేస్తే ఎప్పుడో ఒకసారి మొరాయిస్తుంది. యూఐని పీఎం2 (నోడ్ ప్రోగ్రాములను నడుపుతూ ఉంచేది) తో కట్టి, బూట్‌లో లేచేలా పెట్టాలని మర్చిపోకండి. టామ్‌క్యాట్, పోస్ట్‌గ్రెస్ వాటంతటవే లేస్తాయి, నోడ్ మాత్రం ఎవరైనా లేపితేనే లేస్తుంది. సోమవారం ఉదయం సైట్ పోయిందని ఫోన్లు వచ్చేది ఎక్కువగా ఇందుకే.

న్యాక్ గడువు గురించి ఒక మాట. పదేళ్ల రిపోర్టులన్నీ ఈలోగా ఎక్కించాలని కూర్చోకండి. బ్రాంచికి ఒక కలెక్షన్ పెట్టి, ఒక్కోదాంట్లో పది పన్నెండు మంచి రిపోర్టులు పూర్తి మెటాడేటాతో (పేరు, రచయిత, సంవత్సరం లాంటి వివరాలతో) ఎక్కించండి, రెండు మ్యాగజైన్లు ఓసీఆర్ చేసి పెట్టండి. ఆ తర్వాత ఖాళీగా ఉన్న ఇంకో కంప్యూటర్‌లో కొత్త వీఎం సృష్టించి, మీ బ్యాకప్ నుంచి మొత్తాన్ని తిరిగి లేపి చూడండి. ఈ పనికి ఎంత సమయం పట్టిందో రాసిపెట్టుకుని ప్రిన్సిపాల్ గారికి చూపిస్తే, అసలు సర్వర్ కొనమని అడగడానికి మీ దగ్గర లెక్క ఉంటుంది.